రిపోర్టులన్నీ నార్మల్... మరి చేలో మందు కొట్టిన రోజు ఈ వాంతులేమిటి?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. ఐదెకరాల్లో పత్తి, మిరప వేస్తాం. మా వారికి 44 ఏళ్లు. మా చేలోనే కాక కూలికి కూడా మందు కొట్టడానికి వెళ్తారు. ఆగస్టు నుంచి జనవరి దాకా వారం పది రోజులకోసారి తప్పదు. ఎక్కువగా ప్రొఫెనోఫాస్, దాంట్లో ఇంకో రెండు మందులు కలిపి కొడతారు. కొట్టిన రోజు సాయంత్రం తలనొప్పి, వాంతులు, నోట్లో నీళ్లూరడం, చూపు మసకబారడం. ఈమధ్య కనురెప్పలు, పిక్కలు అదురుతున్నాయి. తెల్లారేసరికి తగ్గిపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేసి గ్లూకోజు ఎక్కిస్తాడు. ఒళ్లు నొప్పులకు రోజూ బిళ్ల వేసుకుంటారు. నిద్ర సరిగా పట్టదు, ఊరికే చిరాకు. భయమేసి ఫుల్ బాడీ చెకప్ చేయిస్తే లివర్, కిడ్నీ అన్నీ నార్మల్ అన్నారు. ముక్కుకు తువ్వాలు కట్టుకునే కొడతారు. మజ్జిగ తాగి బెల్లం తింటే విషం విరిగిపోతుందంటారు, నిజమేనా? ఈ మందులు లోపల ఏ అవయవాలను పాడు చేస్తాయి? ఆయన బట్టలు నేనే ఉతుకుతాను. నాకేమైనా అవుతుందా?

సమాధానం: అమ్మా, మీ వారికి వస్తున్నది ఎండదెబ్బ కాదు. తక్కువ మోతాదులో మళ్లీ మళ్లీ ఒంట్లోకి వెళ్తున్న పురుగుమందు విషప్రభావం. నోట్లో నీళ్లూరడం, మసక చూపు, కండరాలు అదరడం మూడూ కలిసి వస్తుంటే వేరే కారణం వెతకాల్సిన పని దాదాపు లేదు. ఎండదెబ్బకైతే నోరు ఎండిపోతుంది. ఈ మందులకు ఊట ఊరుతుంది. ఇంకో తేడా కంటిపాపలో కనిపిస్తుంది. సాయంత్రం ఇంట్లో, నీడలో ఆయన కళ్లూ మీ కళ్లూ పక్కపక్కన అద్దంలో చూడండి. ఆయన కంటి నల్లపాప ఆవగింజంత చిన్నదై, మీది మామూలుగా ఉంటే అది మందు పనే. ఎండలో చూడొద్దు, వెలుతురుకు అందరి పాపలూ చిన్నవవుతాయి.

అందుకే మిగతా సంగతులకంటే ముందు ఒకటి తేల్చుకోండి: ఈ సీజనుకు ఆయన ఇక పంపు భుజానికెత్తకూడదు. కూలికి అసలే వద్దు. తెల్లారేసరికి తగ్గిపోతోందంటే మందు బయటికి పోయిందనుకుంటారు చాలామంది. తగ్గేది లక్షణం. లోపల జరిగిన నష్టం పూడటానికి వారాలు, నెలలు పడుతుంది.

చెకప్‌లో ఏమీ దొరకలేదెందుకో అర్థం కావాలంటే ఈ మందు చేసే పనేమిటో తెలియాలి. ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్, మోనోక్రోటోఫాస్, డైమిథోయేట్, ఎసిఫేట్... ఇవన్నీ ఆర్గానోఫాస్ఫేట్ జాతి. నరం కండరానికి ఆజ్ఞ ఇవ్వాలంటే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. పని కాగానే ఆ రసాయనాన్ని విరగ్గొట్టడానికి అక్కడే ఒక ఎంజైము కాచుకుని ఉంటుంది, దాని పేరు కోలినెస్టరేజ్. సెకనులో వేల అణువులను విరగ్గొట్టగల పనిమంతురాలు. ఆర్గానోఫాస్ఫేట్ వెళ్లి దానికే అతుక్కుంటుంది. మడికి నీళ్లు వస్తూనే ఉండి, బయటికి పోయే తూము పూడిపోతే ఏమవుతుందో ఇక్కడా అదే. ఆజ్ఞ ఆగదు. లాలాజల గ్రంథులు ఊరుతూనే ఉంటాయి, పేగులు మెలితిరుగుతాయి, కంటిపాప ముడుచుకుంటుంది, ఊపిరితిత్తుల్లో తేమ చేరుతుంది, కండరాలు అదిరి అదిరి చివరికి చచ్చుబడతాయి. ఈ మందులతో ప్రాణం పోయేది ఎక్కువగా ఊపిరి ఆడకే. ఛాతీ నిండా నీరు చేరడం, శ్వాస కండరాలు పడిపోవడం, మెదడులో శ్వాసను నడిపే కేంద్రం మొద్దుబారడం, మూడూ ఒకేసారి జరగవచ్చు.

ఇందులో లివర్ కణాలు పగలాల్సిన పని లేదు, కిడ్నీ వడపోత ఆగాల్సిన పని లేదు. మీరు చేయించిన చెకప్‌లో ఎస్‌జీపీటీ ఉంటుంది, అది లివర్ కణాలు పగిలితే రక్తంలోకి కారే పదార్థం. క్రియాటినిన్ ఉంటుంది, అది కిడ్నీల పని దాదాపు సగం తగ్గే వరకూ పెద్దగా పెరగదు. రెండూ సరిగ్గా ఉన్నాయంటే మంచిదే, సంతోషించండి. కానీ మీ వారి సమస్య ఉన్న చోటును ఆ పరీక్షలు చూడనే లేదు.

చేయించాల్సింది కోలినెస్టరేజ్ పరీక్ష. రెండు రకాలుంటాయి. ఎర్రరక్తకణాల్లో కొలిచేది నరాల దగ్గర పరిస్థితిని బాగా చెబుతుంది, కానీ అన్ని ల్యాబుల్లో దొరకదు. రెండోది రక్తంలోని ద్రవభాగంలో కొలిచే ప్లాస్మా లేదా సీరం కోలినెస్టరేజ్. జిల్లా కేంద్రంలోని పెద్ద ల్యాబులు నమూనా తీసుకుని చేయిస్తాయి. ఇక్కడో మెలిక ఉంది. ఈ ఎంజైము మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది, అందుకే రిపోర్టులో నార్మల్ అని వేసే హద్దు వెడల్పుగా ఉంటుంది. ఒక ల్యాబు హద్దు 5,300 నుంచి 12,900 యూనిట్లు అనుకుందాం. మీ వారికి వేసవిలో 11,000 ఉండి ఇప్పుడు 6,000కు దిగితే ఎంజైములో 45 శాతం పోయినట్టు. రిపోర్టు మాత్రం నార్మల్ అనే వస్తుంది. కాబట్టి ఒక్క అంకెతో పని జరగదు, రెండు అంకెలు పోల్చాలి. సీజను మొదలవకముందే, కనీసం నెల రోజులు ఏ మందూ ముట్టకుండా ఉన్నప్పుడు, అంటే మే నెలలో ఒకసారి చేయించి ఆ కాగితం దాచుకోవాలి. ఈ ఏడాది ఆ అవకాశం దాటిపోయింది కనుక వెనక నుంచి లెక్క కట్టొచ్చు: ఇప్పుడొకసారి, మందు పూర్తిగా మానేసిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మరోసారి, అదే ల్యాబులో. రెండోసారి అంకె ఎంత పెరిగిందో ఇప్పుడు అంత పడిపోయి ఉన్నాడని అర్థం. లివర్ జబ్బు, పోషకాహార లోపం ఉన్నా సీరం కోలినెస్టరేజ్ తగ్గుతుంది, ఆ సంగతి డాక్టరు చూసుకుంటారు.

పిచికారీ పని చేసేవాళ్లకు అమెరికాలోని కాలిఫోర్నియాలో చట్టప్రకారమే ఈ పరీక్ష చేస్తారు. తన మామూలు స్థాయిలో 80 శాతం కంటే దిగితే పని పద్ధతిని తనిఖీ చేస్తారు. ఎర్రకణాల్లో 70 శాతానికి, ప్లాస్మాలో 60 శాతానికి పడితే మనిషిని పని నుంచి తప్పిస్తారు, మళ్లీ 80 దాటాకే రానిస్తారు. మనకు అలాంటి నియమం చేలో పని చేసేవాళ్ల దాకా రాలేదు. ఆ అంకెలను మాత్రం మీరూ వాడుకోవచ్చు.

ఇక ఈ విషం పేరుకునే తీరు. మందు అతుక్కున్న ఎంజైము కొంత సమయం తర్వాత ఇక విడదీయలేనంతగా బిగిసిపోతుంది. డైమిథోయేట్, మోనోక్రోటోఫాస్ వంటి వాటిలో ఇది గంటల్లో జరుగుతుంది, క్లోర్‌పైరిఫాస్ వంటి వాటిలో ఒకటి రెండు రోజులు పడుతుంది. బిగిసిపోయాక కొత్త ఎంజైము తయారు కావాల్సిందే. ఎర్రకణం ఆయువు 120 రోజులు, కొత్త కణంతోనే కొత్త ఎంజైము వస్తుంది కనుక రోజుకు సుమారు 1 శాతం చొప్పున మాత్రమే పూడుతుంది. ఒక పిచికారీకి 15 శాతం పోయిందనుకోండి. పది రోజుల్లో 10 పూడుతుంది, ఆలోపే మళ్లీ మందు. ఒక్కో పిచికారీకి 5 శాతం బాకీ మిగిలిపోతుంది. సెప్టెంబరులో ఏమీ కాని మనిషికి డిసెంబరులో అదే మందు, అదే పంపు, అదే చేనుతో వాంతులు మొదలవడానికి కారణమిదే. “ఇన్నేళ్లుగా కొడుతున్నా, నాకేం కాదు” అనే ధీమా కూడా ఇక్కడే దెబ్బతింటుంది. మెల్లగా పడిపోతే ఒళ్లు సర్దుకుంటుంది, సగానికి పైగా పోయినా బయటికి తెలియకపోవచ్చు. ఆ స్థితిలో ఉన్నవాడికి ట్యాంకు మూత లీకైన ఒక్క పూట చాలు, ఆసుపత్రి పాలవడానికి.

ముక్కుకు తువ్వాలు కట్టడం గురించి. మీ వారు కాపలా పెట్టింది చిన్న ద్వారానికి. మామూలు పంపు నాజిల్ నుంచి వచ్చే తుంపరలు చాలావరకు 100 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైనే ఉంటాయి. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లాలంటే 10 మైక్రాన్ల లోపుండాలి. చేలో మందు ఎక్కువగా ఒంట్లోకి వెళ్లేది చర్మం గుండా. చర్మమంతా ఒకేలా పీల్చదు. పారాథియాన్ అనే ఇదే జాతి మందుతో మనుషుల మీద 1970ల మొదట్లో జరిగిన కొలతల్లో ముంజేతితో పోలిస్తే అరచేయి ఒకటింబావు రెట్లు, పొట్ట రెండు రెట్లు, తల మాడు, నుదురు నాలుగు రెట్ల దాకా, వృషణాల మీది చర్మం దాదాపు 12 రెట్లు పీల్చుకుంది. ఇప్పుడు 16 లీటర్ల ట్యాంకు మూత వాషరు అరిగి కారుతోందని ఊహించండి. మందు నీళ్లు వీపు మీదుగా నడుముకు, నడుము నుంచి గజ్జలకు దిగుతాయి. నూలు మొలతాడు తడిసి, అక్కడే చర్మానికి అంటుకుని రోజంతా ఉంటుంది. ఎకరానికి 200 లీటర్లంటే పన్నెండు పదమూడు ట్యాంకులు. ఐదెకరాలకు అరవై దాటతాయి. ఎత్తిన ప్రతిసారీ వీపు తడుస్తుంది.

చర్మం గుండా వెళ్లిన మందుకు ఇంకో వెసులుబాటు ఉంది. నోటి నుంచి వెళ్లేది పేగుల రక్తంతో ముందు లివర్‌కు చేరుతుంది, అక్కడ కొంత విరుగుతుంది. చర్మం నుంచి వెళ్లేది నేరుగా ఒళ్లంతా తిరిగే రక్తంలో కలుస్తుంది. అలాగని లివర్ ప్రతిసారీ మేలే చేస్తుందనుకోకండి. క్లోర్‌పైరిఫాస్ డబ్బాలో ఉన్న రూపంలో అంత ఉగ్రమైనది కాదు. లివర్‌లోని ఎంజైములు దాన్ని మార్చబోయి అసలు విషంగా తయారు చేస్తాయి. ఇలాంటి మందుల లక్షణాలు కొన్ని గంటలు ఆలస్యంగా బయటపడేది అందుకే.

తువ్వాలు తీసేయమని కాదు, కానీ తడిసిన తువ్వాలు మూతికి అంటుకుని ఉంటే మేలుకంటే కీడే ఎక్కువ. ఎన్95 మాస్కు తుంపరలను ఆపుతుంది, ఆవిరిని ఆపలేదు. ఆవిరికి బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. డబ్బు అన్నిటికీ చాలదంటే, మాస్కు కంటే ముందు నైట్రైల్ (ఒక రకం రబ్బరు) గ్లవ్స్, గమ్‌బూట్లు, వీపుకూ ట్యాంకుకూ మధ్య వేసుకునే పాలిథిన్ షీటు కొనమంటాం. పత్తి నడుం దాటాక ముందువైపు కూడా షీటు కట్టుకోవాలి. 2017లో మన ఆదిలాబాద్‌కు సరిహద్దు జిల్లా, మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. ఆ ఏడాది పత్తి మనిషెత్తు పెరిగింది. తలపైకి లాన్స్ (పిచికారీ గొట్టం) ఎత్తి కొట్టాల్సి వచ్చింది, మందు తిరిగి ముఖం మీదే పడింది. మీ వారిలాగే అక్కడా చాలామంది రెండు మూడు మందులు కలిపి కొట్టారు.

కలిపి కొట్టడం ఎందుకు చేటో చెబుతాం. సైపర్‌మెత్రిన్, ల్యాంబ్డా సైహలోత్రిన్ వంటి పైరెథ్రాయిడ్లను (ఇది ఇంకో జాతి పురుగుమందు) మన ఒంట్లోని కొన్ని ఎంజైములు చకచకా విరగ్గొట్టేస్తాయి. ప్రొఫెనోఫాస్ ఆ ఎంజైములనూ కట్టేస్తుంది. పురుగులోనూ అదే జరుగుతుంది కాబట్టే ఆ కలయిక బాగా పని చేస్తుంది. మనిషికి మాత్రం మినహాయింపు లేదు. ముఖం మీద చీమలు పాకినట్టు, మంటగా ఉంటే అది పైరెథ్రాయిడ్ పని. సబ్బుతో చల్లటి నీళ్లతో కడిగి కొబ్బరినూనె రాస్తే ఉపశమనం ఉంటుంది, సాధారణంగా ఒక రోజులో పోతుంది. వేడి నీళ్లు పోస్తే మంట ఎక్కువవుతుంది.

ఏ అవయవాలు పాడవుతాయని అడిగారు. ప్రతి విషానికీ ఒక గురి ఉంటుంది. ఆ అవయవం చేసే పనే చాలాసార్లు దానికి శాపమవుతుంది. నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను, పళ్లను పట్టుకుంటుంది, ఎందుకంటే అది కాల్షియం ఉన్న చోటే ఇముడుతుంది. పారాక్వాట్ గడ్డిమందు ఊపిరితిత్తులను నాశనం చేస్తుంది. అక్కడి కణాలు తమకు కావలసిన ఒక రకం పదార్థాన్ని లాక్కునే మార్గంలోనే దీన్నీ లాక్కుని పోగు చేసుకుంటాయి. దాన్ని బయటికి పంపబోయి కిడ్నీలూ దెబ్బతింటాయి. దానికి విరుగుడు లేదు. గాయమున్న చర్మం మీద పడినా ప్రమాదమే, కాబట్టి చేతికి కోత ఉన్న రోజు గడ్డిమందు జోలికి వెళ్లనివ్వొద్దు. ఆర్గానోఫాస్ఫేట్ల గురి నరాలు. తీవ్రంగా ఎక్కినప్పుడు గుండె లయ తప్పుతుంది, క్లోమం వాస్తుంది. మోతాదు ఎక్కువైనవాళ్లకు లక్షణాలు తగ్గాయనుకున్నాక ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ నిలబడకపోవడం, ఊపిరి అందకపోవడం వస్తుంది. తల దిండు మీంచి ఎత్తలేకపోవడం దాని మొదటి గుర్తు. కొన్ని మందులకు రెండు మూడు వారాల తర్వాత పాదాల్లో తిమ్మిరి, నడకలో తూలు మొదలవుతాయి. అప్పటికి మందు సంగతి అందరూ మరచిపోయి ఉంటారు, డాక్టరుకు మీరే గుర్తు చేయాలి.

కిడ్నీల గురించి మీ భయానికి ఆధారం వేరే చోట ఉంది: రోజూ వేసుకునే ఆ బిళ్ల. ఒళ్లు నొప్పులకు ఊళ్లో ఇచ్చేది సాధారణంగా డైక్లోఫెనాక్ లేదా అసిక్లోఫెనాక్. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదోవంతు కిడ్నీలకు వెళ్తుంది. అవి రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, దాదాపు అంతా వెనక్కి పీల్చుకుని, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే బయటికి వదులుతాయి. ఎండలో చెమటోడ్చి నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. నొప్పి బిళ్ల ఆపేది సరిగ్గా వాటినే. మందు కొట్టి వాంతులై, నీళ్లు తాగకుండా, పైన ఈ బిళ్ల వేసుకున్న మనిషి కిడ్నీలకు జరిగే చేటు చేలో మందు చేసేదానికంటే ఎక్కువే కావచ్చు. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు పురుగుమందులే కారణమని చాలామంది అంటారు గానీ అక్కడ ఏ ఒక్క కారణమూ తేలలేదు. మీ ఇంట్లో మాత్రం కారణం బిళ్ల రూపంలో కనిపిస్తూనే ఉంది, దాన్ని ఆపండి. తప్పకపోతే పారాసెటమాల్ 500 మి.గ్రా. బిళ్ల, రోజుకు నాలుగు మించకుండా, కొద్ది రోజులు మాత్రమే. సాయంత్రం మద్యం అలవాటుంటే అది కూడా డాక్టరును అడిగాకే. మద్యం అలవాటున్న లివర్ పారాసెటమాల్‌ను ఎక్కువగా విషపు ముక్కగా మారుస్తుంది, ఆ ముక్కను చల్లార్చే గ్లూటాథయోన్ నిల్వా తక్కువే ఉంటుంది.

మజ్జిగ, బెల్లం, పాలు, చింతపండు రసం... ఏదీ విరుగుడు కాదు. ఎంజైముకు అతుక్కున్న మందును మజ్జిగ ఊడదీయలేదు. ఒళ్లు కడుక్కున్నాక దాహానికి తాగితే నీళ్లు అందుతాయి, ఆ మేరకు మంచిదే. పాలలోని కొవ్వుతో మాత్రం మేలు లేదు, ఈ మందుల్లో చాలావరకు కొవ్వులో కరుగుతాయి. పొరపాటున మందు మింగినవాళ్లకు కుంకుడు రసం, ఉప్పునీళ్లు తాగించి కక్కించడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. అది చేయనే చేయకండి. డబ్బా మీద ఇ.సి. అని ఉన్న మందుల్లో పెట్రోలియం ద్రావకం చాలానే ఉంటుంది, కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా అదనం. ఉప్పునీళ్లతో రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు.

చేలో మనిషి పడిపోతే: బట్టలు మొత్తం విప్పేయాలి, మొలతాడు, బెల్టు, చెప్పులతో సహా. విప్పేవాళ్లు చేతులకు గ్లవ్స్, లేకపోతే ప్లాస్టిక్ కవర్లు వేసుకోవాలి. మామూలు సబ్బు, చల్లటి నీళ్లతో పావుగంట కడగాలి. జుట్టు, చెవుల వెనక, చంకలు, బొడ్డు, గజ్జలు, గోళ్ల కింద మరవద్దు. పీచుతో రుద్దకండి, చర్మం గీసుకుంటే ఇంకా పీలుస్తుంది. కళ్లలో పడితే రెప్పలు తెరిచి పావుగంట నీళ్లు పోయాలి. స్పృహ తగ్గుతుంటే ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయకండి. ఈలోపు ఒకరు 108కు ఫోన్ చేయాలి. మందు డబ్బా, కనీసం లేబుల్ ఫొటో వెంట తీసుకెళ్లాలి. మూడు మందులు కలిపితే మూడు డబ్బాలూ. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో ఏ వేళైనా పలుకుతుంది, డాక్టర్లు కూడా దాన్ని వాడుకోవచ్చు. ఆసుపత్రిలో అట్రోపిన్ ఇస్తారు. అది ఊటను ఆపుతుంది, గుండెను నిలబెడుతుంది, కానీ ఎంజైమును తిరిగి తేదు. కండరాల నీరసాన్ని కూడా తగ్గించలేదు.

అందుకే మీ ఆర్‌ఎంపీ వేసే సూది ఏమిటో అడిగి రాయించుకోండి. అట్రోపిన్ అయితే అది లక్షణాన్ని కప్పిపెట్టి మనిషిని మళ్లీ చేలోకి పంపుతోంది. చూపించాల్సింది జనరల్ మెడిసిన్ డాక్టరుకు, వీలైతే ప్రభుత్వ బోధనాసుపత్రిలో. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసుకెళ్లండి: ఏ తేదీల్లో కొట్టారు, ఏ మందులు, ఎన్ని ట్యాంకులు, ఎన్ని గంటలకు ఏ లక్షణం వచ్చింది. ఇంకొకటి, ఎవరూ చెప్పరు గానీ చాలా ముఖ్యం. హెర్నియాకో అపెండిక్స్‌కో ఈ నెలల్లో ఆపరేషన్ పడితే మత్తు డాక్టరుకు ఈ సంగతి తప్పక చెప్పాలి. ఆపరేషన్లో కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్‌ను విరగ్గొట్టేది ఈ ప్లాస్మా కోలినెస్టరేజే. అది తక్కువగా ఉంటే నిమిషాల్లో తగ్గాల్సిన ప్రభావం గంటల దాకా ఉండిపోతుంది.

నిద్ర పట్టకపోవడం, చిరాకు కూడా ఈ మందుల ఖాతాలోవే కావచ్చు. ఎక్కువ కాలం ఒంటికి పట్టినవాళ్లలో మనసు కుంగడం కనిపిస్తుంది. డాక్టరుకు అదీ చెప్పండి. దిగులు మాటలు వినిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. మందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి. చేలో షెడ్డులో తాళం వేసి, తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి.

చేను ఎండబెట్టుకోలేం కదా అంటారు. ఈ సీజనుకు మనిషిని మార్చండి, పద్ధతీ మార్చండి. పద్ధతి మార్చకపోతే మీ వారి జబ్బు ఆయన బదులు వచ్చిన కుర్రాడికి చుట్టుకుంటుంది. అన్నిటికంటే ప్రమాదమైన క్షణం కలిపేటప్పుడు. ప్రొఫెనోఫాస్ 50 శాతం ఇ.సి. లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున కలుపుతారు. అంటే వేలి మీద పడిన 1 మి.లీ. చిక్కటి మందు, చేలో ఒంటిమీద అర లీటరు పిచికారీ నీళ్లు పోసుకున్నదానితో సమానం. మూతతో అంచనాగా పోయడం, డ్రమ్ములో చేత్తో కలపడం, నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం, ఈ మూడూ ఆగాలి. కొలగ్లాసు, పొడుగు కర్ర, పాత టూత్‌బ్రష్ చాలు. ఖైనీ, బీడీ చేతులు కడిగాకే. ట్యాంకు వాషరు అరిగితే ముందు అది మార్చాలి, తర్వాతే చేలోకి. గాలి వాలును బట్టి నడవాలి, కొట్టిన వరుసలోకి తిరిగి వెళ్లకూడదు. ఉదయం తొమ్మిదిన్నర దాటితే ఆపేయడం మంచిది, చెమట పట్టిన చర్మం మరింత పీలుస్తుంది. గ్లవ్స్ తీసేముందు వాటిమీదే సబ్బుతో కడగాలి.

డ్రోన్‌తో కొట్టిస్తే చర్మానికి పని తప్పుతుంది, ఒక జాగ్రత్తతో. ఎకరానికి 200 లీటర్లలో పోయే 400 మి.లీ. మందును డ్రోన్‌లో 10 లీటర్లలోనే పోస్తారు. ఆ నీళ్లు 20 రెట్లు చిక్కన. కలిపేవాడు, గట్టున నిలబడి చూసేవాళ్లు దూరంగా ఉండాలి. డబ్బా మీద త్రికోణం రంగు చూసి కొనడం అలవాటు చేసుకోండి. ఎరుపు అన్నిటికంటే ఘోరం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. అదే పురుగుకు పని చేసే నీలం, ఆకుపచ్చ మందు ఉందేమో దుకాణదారుణ్ని కాదు, వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. దుకాణంలో ట్రైజోఫాస్, ఫోరేట్, డైక్లోర్‌వాస్ కనిపిస్తే తీసుకోకండి, 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో వాటికి నిషేధం ఉంది.

ఇక మీరు ఉతికే బట్టల సంగతి. మీ ప్రశ్నలో అందరికంటే తక్కువ పట్టించుకున్నది మిమ్మల్ని మీరే. మందు తడిసిన లుంగీని వట్టి చేతులతో పిండితే ఆ మందు మీ చర్మంలోకీ వెళ్తుంది. ఆయన బట్టలు చేలోనే విప్పి, అక్కడే స్నానం చేసి వేరేవి కట్టుకుని రావాలి. విప్పినవి వేరే బకెట్లో, పిల్లల బట్టలతో కలపకుండా. మీరు మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్ వేసుకుని ముందు వట్టి నీళ్లతో కర్రతో ముంచి తేల్చండి. ఆ నీళ్లు చేలోనే, బావికీ కాలువకీ పశువుల తొట్టికీ దూరంగా పారబోయండి. తర్వాత వేడి నీళ్లు, సర్ఫ్‌తో రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేయండి. చిక్కటి మందు ఒలికిన గుడ్డ ఉతికినా వదలదు, పడేయడమే. తోలు చెప్పులు, తోలు బెల్టు కూడా అంతే. ఇంట్లో గర్భిణి గానీ, పాలిచ్చే తల్లి గానీ ఉంటే ఈ పని ఆమెకు అస్సలు చెప్పొద్దు.

మందు కొట్టిన చేలోకి పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి వెళ్లేది ఎక్కువగా మీరే కదా. ఆకు మీద తడి ఆరితే చాలదు, ఆర్గానోఫాస్ఫేట్ కొట్టాక 48 గంటలు ఆగండి. కోతకు మందుకూ మధ్య ఎన్ని రోజులుండాలో డబ్బా లేబుల్ మీద వేరే ఉంటుంది, అది ఇంకా ఎక్కువ. మీకు కూడా సాయంత్రాల్లో తలనొప్పి, చూపు మసక ఉంటే మీ వారితోపాటు అదే రోజు మీరూ ఆ రక్తపరీక్ష చేయించుకోండి.